జింక్ బిస్‌గ్లైసినేట్

జింక్ బిస్‌గ్లైసినేట్ అనునది జింక్ (యశదం) అను లోహము, గ్లైసిన్ అను అమినో ఆమ్లము కలిసి ఏర్పడిన ఒక కీలేటు సంయోగపదార్థం. ఒక్కొక్క జింక్ అయానును రెండు గ్లైసిన్ అణువులు రెండు ప్రక్కల నుండి పట్టుకొని ఉంటాయి. ఇది తెల్లని పొడి. నీటిలో కరుగుతుంది. జింక్ లోపాన్ని సరిదిద్దటానికి మాత్రలు, గుళికలు, సిరప్‌ల రూపంలో దీనిని పోషక అనుబంధంగా వాడతారు. పశువుల, కోళ్ళ దాణాలో కూడా కలుపుతారు. జింక్ గ్లైసినేట్, జింక్ డైగ్లైసినేట్, కీలేటెడ్ జింక్ అను పేర్లతోను ఇది అమ్మకంలో ఉన్నది.

జింక్ సల్ఫేట్, జింక్ ఆక్సైడ్ వంటి చవక లవణాల కంటే ఇది బాగా ఒంటబడుతుందని, కడుపులో వికారం కలిగించదని తయారీదారులు చెబుతారు. ధర కూడా వాటి కంటే ఎక్కువ. ఈ మాటలో కొంత నిజం ఉన్నది. అయితే ఆ తేడా ప్రకటనలలో చెప్పేటంత పెద్దది కాదు. శరీరానికి చేరే జింక్ ఎంత అన్నది మాత్రలోని సంయోగపదార్థం కంటే ముఖ్యంగా మోతాదు మీద, దానితోపాటు తిన్న ఆహారం మీద ఆధారపడి ఉంటుంది.

పేరు

బిస్ అనగా రెండు. గ్లైసిన్‌ను 1820లో ఫ్రెంచి రసాయన శాస్త్రవేత్త హెన్రీ బ్రాకొన్నో జెలటిన్‌ను గంధకామ్లంతో మరిగించి వేరుచేశాడు. రుచికి తియ్యగా ఉండటం వలన దానిని మొదట చక్కెర అనుకున్నారు. గ్రీకు భాషలో తీపి అను అర్థమిచ్చే మాట నుండి గ్లైసిన్ అను పేరు వచ్చినది. అమినో ఆమ్లాలన్నిటిలోను ఇది మిక్కిలి చిన్నది.

కీలేటు అను మాటకు మూలం గ్రీకులో ఎండ్రకాయ పట్టుకొమ్మ. ఎండ్రకాయ తన రెండు కొండీలతో పట్టుకొన్నట్లు, ఒకే అణువు రెండు చోట్ల నుండి లోహాన్ని పట్టుకొంటుంది కనుక గిల్బర్ట్ మోర్గాన్, హ్యారీ డ్రూ అను బ్రిటిష్ రసాయన శాస్త్రవేత్తలు 1920లో ఈ పేరు పెట్టారు. ఇటువంటి సంయోగపదార్థాలు అంతకు ముందే తెలుసు. గ్లైసిన్ రాగితో ఈ విధంగా వలయం కట్టుతుందని జర్మనీకి చెందిన హైన్రిక్ లే 1904లోనే వివరించాడు. తెలుగు రాష్ట్రాల రైతులకు ఈ మాట "చిలేటెడ్ జింక్" అను ఉచ్చారణతో పరిచితమే. అయితే పైరు మీద పిచికారీ చేసే ఆ పదార్థంలో జింక్‌ను పట్టుకొని ఉండేది సాధారణంగా గ్లైసిన్ కాదు, ఈడీటీఏ అను వేరొక రసాయనం.

నిర్మాణం

ఈ అణువులో నాలుగు కార్బన్, ఎనిమిది హైడ్రోజన్, రెండు నత్రజని, నాలుగు ఆక్సిజన్ పరమాణువులు, ఒక జింక్ పరమాణువు ఉంటాయి. అణుభారం సుమారు 213.5. జింక్ పరమాణుభారం 65.4 కనుక, నీరు లేని శుద్ధ పదార్థంలో జింక్ వాటా బరువులో 30.6 శాతం. స్ఫటికంలో నీటి అణువు కూడా ఉన్నట్లయితే ఈ వాటా కొద్దిగా తగ్గుతుంది.

గ్లైసిన్‌కు ఒక కొసన అమైనో సమూహము, రెండవ కొసన కార్బాక్సిల్ సమూహము ఉంటాయి. అమైనో సమూహంలోని నత్రజని తన ఎలక్ట్రాన్ జంటను జింక్‌కు ఇచ్చి సమన్వయ సంయోజనీయ బంధం ఏర్పరచుకొంటుంది. కార్బాక్సిల్ సమూహము హైడ్రోజన్‌ను వదలి ఆక్సిజన్ ద్వారా జింక్‌తో కలుస్తుంది. జింక్, నత్రజని, రెండు కార్బన్లు, ఆక్సిజన్ కలిసి అయిదు మూలల వలయం అవుతుంది. ఇటువంటి వలయాలు రెండు ఉండటం వలన అణువు మొత్తానికి విద్యుదావేశం ఉండదు. అయిదు మూలల వలయాలలో బంధాల మధ్య ఒత్తిడి తక్కువ. అందువలన అవి సులభంగా ఏర్పడతాయి, స్థిరంగా నిలుస్తాయి.

ఈ స్థిరత్వం ఎంత అన్నదే తరువాత వచ్చే వివాదానికి మూలం. లోహము, దానిని పట్టుకొన్న అణువు ఎంత గట్టిగా కలిసి ఉన్నాయో స్థిరతా స్థిరాంకంతో కొలుస్తారు. ఈడీటీఏ, జింక్‌ల కలయికకు ఈ స్థిరాంకం యొక్క సంవర్గమానం దాదాపు 16.5. జింక్‌తో మొదటి గ్లైసిన్ కలయికకు అది సుమారు 5 మాత్రమే. రెండు గ్లైసిన్‌లకు కలిపి చూచినా 10కి లోపే. ఇది సంవర్గమానం కనుక ఒక్కొక్క అంకె తేడా పది రెట్లకు సమానం. అనగా ఈడీటీఏ పట్టు ముందు గ్లైసిన్ పట్టు చాలా వదులు.

తయారీ

జింక్ ఆక్సైడ్‌ను రెండింతల మోల్‌ల గ్లైసిన్‌తో వేడినీటిలో కలిపితే ఆక్సైడ్ క్రమంగా కరిగి జింక్ బిస్‌గ్లైసినేట్, నీరు ఏర్పడతాయి. 81.4 గ్రాముల ఆక్సైడ్‌కు 150.1 గ్రాముల గ్లైసిన్ కావాలి. ద్రావణాన్ని చల్లార్చి స్ఫటికాలుగానో, వేడిగాలిలోకి చిమ్మి పొడిగానో తీస్తారు. ఆక్సైడ్‌కు బదులు జింక్ సల్ఫేట్‌ను గ్లైసిన్‌తో కలిపితే వచ్చే పదార్థంలో సల్ఫేట్ మిగిలి ఉంటుంది. అది బిస్‌గ్లైసినేట్ కాదు. గ్లైసిన్ పొడిని, జింక్ లవణాన్ని ఊరకే కలిపినది అంతకన్నా కాదు. కంటికి ఇవన్నీ తెల్లని పొడులే కనుక తేడా తెలియదు. పరారుణ వర్ణపటంలో అమైనో సమూహపు పట్టీలు జరిగిన తీరును బట్టి నిజమైన కీలేటును గుర్తిస్తారు.

ఆహారంలోని ఖనిజాలను అమినో ఆమ్లాలతో కీలేటు చేసి అమ్మే వ్యాపారాన్ని పెంచిన సంస్థలలో అమెరికాలోని యూటా రాష్ట్రానికి చెందిన ఆల్బియన్ ముఖ్యమైనది. ఈ సంస్థను 2016లో బాల్‌కెమ్ కొనుగోలు చేసినది. ఐరోపా సమాజం 2009లో చేసిన 1170వ నిబంధన ద్వారా పోషక అనుబంధాలలో వాడదగిన జింక్ రూపాల జాబితాలో జింక్ బిస్‌గ్లైసినేట్‌ను చేర్చినది.

మనిషికి జింక్ అవసరమని తెలిసిన విధము

వయోజనుల శరీరంలో ఉండే జింక్ మొత్తం సుమారు రెండు గ్రాములు. అందులో చాలా భాగం కండరాలలోను, ఎముకలలోను ఉంటుంది. రక్తపు ప్లాస్మాలో తిరిగేది వెయ్యింట ఒక వంతు. కణ విభజన, పెరుగుదల, గాయాలు మానుట, రోగనిరోధక శక్తి, రుచి తెలియుట వంటి పనులకు జింక్ అవసరం. దాదాపు 300 ఎంజైములు జింక్ లేనిదే పనిచేయవు. శరీరంలో ఇనుముకు ఉన్నట్లు జింక్‌కు పెద్ద నిల్వ లేదు. కొన్ని వారాలపాటు ఆహారంలో చాలకపోతే లోపం బయటపడుతుంది.

బూజుకు జింక్ అవసరమని ఫ్రాన్సులో జూల్ రాలిన్ 1869లోనే చూపాడు. ఎలుకలకు అవసరమని 1934లో తేలినది. 1940లో కీలిన్, మాన్ అను శాస్త్రవేత్తలు కార్బానిక్ అన్‌హైడ్రేజ్ అను ఎంజైములో జింక్ ఉన్నదని కనుగొన్నారు. అయినా మనిషికి జింక్ లోపం రాగలదని ఎవరూ నమ్మలేదు. జింక్ దాదాపు అన్ని ఆహార పదార్థాలలోను ఉంటుంది కదా అన్నది అప్పటి వాదన.

ఆ నమ్మకాన్ని మార్చినవాడు బీహారులోని బక్సర్‌లో 1928లో జన్మించిన వైద్యుడు ఆనంద ప్రసాద్. పాట్నాలో వైద్యవిద్య, అమెరికాలోని మిన్నెసోటా విశ్వవిద్యాలయంలో పైశిక్షణ ముగించుకొని 1958లో ఆయన ఇరాన్‌లోని షిరాజ్ నగరానికి వెళ్ళాడు. అక్కడి ఆసుపత్రిలో ఆయనకు చూపిన ఒక రోగి వయస్సు 21 సంవత్సరాలు. చూచుటకు పదేళ్ళ బాలునివలె ఉన్నాడు. యుక్తవయస్సు లక్షణాలు లేవు. తీవ్రమైన రక్తహీనత, ఉబ్బిన కాలేయం, ప్లీహం ఉన్నాయి. ఆ యువకుని ఆహారం పులియబెట్టని గోధుమ రొట్టె. మాంసం తినడు. దానికి తోడు రోజూ అర కిలో వరకు మట్టి తినేవాడు. ఇటువంటి రోగులు మరికొందరు ఆ ప్రాంతంలోనే కనిపించారు. ఇనుము ఇస్తే రక్తహీనత తగ్గినది. కాని ఎదుగుదల ఆగిపోవటానికి ఇనుము లోపం కారణమని చెప్పటానికి వీలులేదు. ప్రసాద్, జేమ్స్ హాల్‌స్టెడ్, నదీమీలు 1961లో ప్రచురించిన వ్యాసంలో జింక్ లోపం కూడా ఉండవచ్చునని సూచించారు.

తరువాత ప్రసాద్ ఈజిప్టుకు వెళ్ళి, కైరో పరిసర గ్రామాలలోని ఇటువంటి యువకుల రక్తం, వెంట్రుకలలోని జింక్‌ను కొలిచాడు. 1963లో వెలువడిన ఆ ఫలితాలతో మనుషులలో జింక్ లోపానికి ప్రయోగపూర్వకమైన ఆధారం దొరికినది. జింక్ సల్ఫేట్ ఇచ్చినవారు, ఇనుము మాత్రమే ఇచ్చినవారి కంటే వేగంగా ఎత్తు పెరిగారు, యుక్తవయస్సు లక్షణాలు కనబడ్డాయి. ఇంత జరిగినా విమర్శలు ఆగలేదు. అమెరికాలో జింక్‌కు సిఫారసు మోతాదు ప్రకటించినది 1974లో. ప్రసాద్ 2022లో మరణించాడు. గమనింపదగిన విషయం ఏమనగా, ఆ యువకులను పెంచినది ఖరీదైన కీలేటు కాదు. నేడు చవక రకంగా చూడబడుతున్న సల్ఫేట్ లవణమే.

అక్రోడర్మటైటిస్ ఎంటెరోపతికా అను అరుదైన జన్యువ్యాధిలో శిశువుల నోరు, మలద్వారం, వ్రేళ్ళ చుట్టూ పుండ్లు పడి, విరేచనాలు పట్టుకొని, ఒకప్పుడు మరణమే గతిగా ఉండేది. లండన్‌లో ఎడ్మండ్ మొయినహన్ 1970 దశకం ఆరంభంలో జింక్ ఇచ్చి ఈ వ్యాధిని అదుపులోకి తెచ్చాడు. ప్రేగులలో జింక్‌ను లోనికి తీసికొనే జిప్-4 అను ప్రొటీను లోపమే దీనికి కారణమని 2002లో తెలిసినది.

ఆహారము, ఫైటిక్ ఆమ్లము

ఇరాన్ రోగుల రొట్టెలో జింక్ లేకపోలేదు. గోధుమలో అది తగినంతే ఉంటుంది. అయితే గింజలు, పప్పులు భాస్వరాన్ని ఫైటిక్ ఆమ్లం రూపంలో దాచుకొంటాయి. దాని అణువుకు ఆరు ఫాస్ఫేట్ సమూహాలు ఉంటాయి. ఇవి ప్రేగులో జింక్‌ను పట్టుకొని కరగని ముద్దగా చేస్తాయి. అది మలంతో బయటికి పోతుంది. ఆహారంలో ఒక్కొక్క జింక్ అయానుకు ఫైటిక్ ఆమ్లపు అణువులు 15కు మించితే శోషణ బాగా తగ్గుతుందని లెక్క.

వరి పండించే రైతుకు ఇది పొలంలో ఎదురైన విషయమే. వరికి జింక్ లోపం వచ్చి ఆకుల మీద తుప్పు మచ్చలు కనబడితే లీటరు నీటికి రెండు గ్రాముల జింక్ సల్ఫేట్ కలిపి పిచికారీ చేస్తారు. దుక్కిలో వేసేటప్పుడు భాస్వరపు ఎరువుతో కలిపి వేయవద్దని వ్యవసాయాధికారులు చెబుతారు. కలిపితే రెండూ ఒకదానినొకటి పట్టుకొని మొక్కకు అందకుండా పోతాయి. పళ్ళెంలో ఫైటిక్ ఆమ్లం, జింక్‌ల మధ్య జరిగేది కూడా ఇటువంటిదే.

పులియబెట్టినా, నానబెట్టినా, మొలకెత్తించినా గింజలోని ఫైటేజ్ అను ఎంజైము పనిచేసి ఫైటిక్ ఆమ్లాన్ని విడగొడుతుంది. మొలకెత్తించి ఎండబెట్టి విసిరిన రాగిపిండి, రాత్రంతా పులిసిన పిండితో చేసిన ఇడ్లీ, దోసె ఈ విషయంలో మేలైనవి. షిరాజ్ పల్లెలలో రొట్టెను పులియబెట్టే అలవాటే ఉంటే ఆ కథ మరోవిధంగా ఉండేదేమో. మాంసం, చేపలు, గుడ్లు, పాలలో ఫైటిక్ ఆమ్లం లేదు. మాంసకృత్తులు విడిపోయినప్పుడు వచ్చే హిస్టిడిన్, సిస్టీన్ వంటి అమినో ఆమ్లాలు జింక్‌ను కరిగిన స్థితిలో ఉంచుతాయి. శాకాహారంలో నువ్వులు, గుమ్మడి గింజలు, జీడిపప్పు, పప్పుధాన్యాలు జింక్ ఎక్కువగా ఉన్న పదార్థాలు. కాని వాటిలో ఫైటిక్ ఆమ్లం కూడా ఎక్కువే.

అమెరికాలో వయోజనులకు సిఫారసు చేసిన జింక్ పురుషులకు రోజుకు 11, స్త్రీలకు 8 మిల్లీగ్రాములు. హైదరాబాదులోని జాతీయ పోషకాహార సంస్థ, భారత వైద్య పరిశోధనా మండలి కలిసి 2020లో ప్రకటించిన ప్రకారం భారతీయ పురుషులకు 17, స్త్రీలకు 13.2 మిల్లీగ్రాములు. 2010లో ఇవి 12, 10గా ఉండేవి. భారతీయుల శరీరానికి జింక్ అక్కర ఎక్కువ అని దీని అర్థం కాదు. ధాన్యం ప్రధానమైన భోజనంలో తిన్నదానిలో తక్కువ భాగమే లోనికి పోతుందని దీని అర్థం.

హైదరాబాదు రాజేంద్రనగర్‌లోని భారతీయ వరి పరిశోధనా సంస్థ మరొక మార్గంలో వెళ్ళినది. అక్కడ రూపొంది 2016లో విడుదలైన డీఆర్ఆర్ ధన్ 45 అను వరి రకంలో, కిలో పాలిష్ పట్టిన బియ్యానికి 22.6 మిల్లీగ్రాముల జింక్ ఉంటుంది. సాధారణ రకాలలో ఇది 12 నుండి 16 వరకు. రోజుకు 400 గ్రాముల బియ్యం తినేవారికి దీని వలన రెండున్నర నుండి నాలుగు మిల్లీగ్రాముల వరకు అదనంగా చేరుతుంది. మాత్ర వేసుకొనే అలవాటు లేని ఇంటికి ఇది చిన్న లాభం కాదు.

శోషణ

జింక్ ప్రధానంగా చిన్నప్రేగులో లోనికి పోతుంది. ప్రేగు గోడలోని కణాల మీద ఉండే జిప్-4 ప్రొటీను జింక్ అయానును పట్టి లోనికి చేరవేస్తుంది. మోతాదు పెరిగినకొద్దీ లోనికి పోయే శాతం తగ్గుతుంది.

జింక్ బిస్‌గ్లైసినేట్ జఠరంలోని ఆమ్లాన్ని తట్టుకొని, చెక్కుచెదరకుండా చిన్నప్రేగును చేరి, చిన్న పెప్టైడువలె మొత్తం అణువుగానే లోనికి పోతుందని కొన్ని సంస్థలు ప్రచారం చేస్తాయి. రసాయన శాస్త్రం దీనిని సమర్థించదు. జఠరంలో పీహెచ్ ఖాళీ కడుపున 1 నుండి 2 వరకు ఉంటుంది. అంత ఆమ్లత్వంలో గ్లైసిన్ యొక్క అమైనో సమూహము హైడ్రోజన్ అయానును పట్టుకొంటుంది. అప్పుడు జింక్‌కు ఇవ్వటానికి దాని వద్ద ఎలక్ట్రాన్ జంట మిగలదు. పైన చెప్పిన వదులు పట్టు అక్కడ నిలువదు. కీలేటు చాలావరకు విడిపోయి జింక్ అయానులు, గ్లైసిన్‌గా మారుతుంది.

విడిపోయిన తరువాత ద్రవం చిన్నప్రేగుకు వచ్చి ఆమ్లత్వం తగ్గినప్పుడు జింక్, గ్లైసిన్ కొంతమేరకు తిరిగి కలియగలవు. కాని అక్కడ గ్లైసిన్ ఒక్కటే ఉండదు. భోజనం నుండి వచ్చిన ఇతర అమినో ఆమ్లాలు, సిట్రిక్ ఆమ్లం, ఫైటిక్ ఆమ్లం అన్నీ జింక్ కొరకు పోటీపడతాయి. ఆ పోటీలో ఎవరిది పైచేయి అన్నది ఆనాటి భోజనాన్ని బట్టి ఉంటుంది. కనుక మాత్ర పెట్టె మీద ఏ బొమ్మ వేసినా, ప్రేగులో ఉండేది ఒక మిశ్రమం. గ్లైసినేట్ వలన నికరంగా కలిగే మేలు రెండు విధాలు. ఒకటి, అది ఆమ్లం తక్కువగా ఉన్నా తేలికగా కరుగుతుంది. రెండు, జింక్‌తోపాటే వచ్చిన గ్లైసిన్ దానిని కొంతసేపు కరిగిన స్థితిలో ఉంచుతుంది.

కరుగుట ఎంత ముఖ్యమో 2014లో ప్రచురితమైన వెగ్‌ముల్లర్, సహచరుల పరిశోధన తెలుపుతుంది. ఆరోగ్యవంతులైన 15 మంది వయోజనులకు జింక్‌ను ఐసోటోపులతో గుర్తుపెట్టి ఇచ్చి కొలిచారు. జింక్ సిట్రేట్ నుండి 61.3 శాతం, గ్లూకోనేట్ నుండి 60.9 శాతం, ఆక్సైడ్ నుండి 49.9 శాతం లోనికి పోయినది. ముగ్గురికి మాత్రం ఆక్సైడ్ నుండి దాదాపు ఏమీ అందలేదు. ఆక్సైడ్ కరగటానికి కడుపులో ఆమ్లం కావాలి. ఈ పరీక్షలో గ్లైసినేట్ లేదు. అయితే అమినో ఆమ్లం కాని సాధారణ లవణాలు కూడా బాగానే పనిచేస్తాయని దీనివలన తెలుస్తుంది.

గ్లైసినేట్‌ను నేరుగా పోల్చిన పరీక్షలలో గాండియా, సహచరులు 2007లో ప్రచురించినది తరచుగా ఉదహరించబడుతుంది. 12 మంది ఆరోగ్యవంతులైన స్త్రీలకు ఒకసారి 15 మిల్లీగ్రాముల జింక్‌ను గ్లైసినేట్‌గాను, మరొకసారి గ్లూకోనేట్‌గాను ఇచ్చి రక్తంలో పెరుగుదలను చూశారు. గ్లైసినేట్‌తో 43.4 శాతం ఎక్కువ వచ్చినది. ప్రకటనలలో కనబడే "43 శాతం అధికం" అను మాట ఇక్కడిదే. ఆ సంఖ్య సరియైనదే గాని, అది ఒకే ఒక్క మోతాదు తరువాత, ఆరోగ్యవంతులలో, 12 మందిలో వచ్చినది. రక్తపు ప్లాస్మాలో జింక్ కొన్ని గంటలపాటు పెరగటం, లోపం ఉన్న పిల్లవాడు ఎదగటం ఒకటి కావు.

లేబులు మీది లెక్క

కొనేవారు ఎక్కువగా పొరబడేది ఇక్కడే. సీసా మీద "జింక్ బిస్‌గ్లైసినేట్ 50 మి.గ్రా." అని ఉంటే అందులో జింక్ దాదాపు 15 మిల్లీగ్రాములు మాత్రమే. "జింక్ 50 మి.గ్రా., బిస్‌గ్లైసినేట్ రూపంలో" అని ఉంటే అది మూడు రెట్లకు పైగా ఎక్కువ. పోల్చవలసినది మూలక జింక్‌ను. ఆక్సైడ్‌లో జింక్ 80 శాతం, ఒక నీటి అణువు గల సల్ఫేట్‌లో 36, ఏడు నీటి అణువులు గల సల్ఫేట్‌లో 23, గ్లూకోనేట్‌లో 14 శాతం ఉంటుంది. గ్లైసినేట్‌లో 30 శాతం ఉండటం వలన, గ్లూకోనేట్ కంటే చిన్న మాత్రలో అంతే జింక్‌ను ఇవ్వవచ్చును. ఇది దాని నిజమైన సౌకర్యాలలో ఒకటి. భారతదేశంలో ఇటువంటి అనుబంధాలు 2016లో చేసిన న్యూట్రాస్యూటికల్ నిబంధనల క్రింద ఆహార భద్రతా ప్రమాణాల సంస్థ పరిధిలోకి వస్తాయి.

వైద్యంలో

జింక్ వలన ప్రాణాలు నిలిచే సందర్భం పిల్లల నీళ్ళ విరేచనాలు. ప్రపంచ ఆరోగ్య సంస్థ, యూనిసెఫ్ 2004లో ఓఆర్ఎస్ ద్రావణంతోపాటు జింక్ ఇవ్వాలని సిఫారసు చేశాయి. ఆరు నెలలు దాటిన పిల్లలకు రోజుకు 20 మిల్లీగ్రాములు, అంతకంటే చిన్నవారికి 10 మిల్లీగ్రాములు, 10 నుండి 14 రోజులు. భారతదేశంలో ప్రభుత్వ ఆరోగ్య కేంద్రాలలో ఇచ్చేది చెంచాడు నీటిలోనో తల్లిపాలలోనో కరిగే జింక్ సల్ఫేట్ మాత్ర. సల్ఫేట్ రుచి లోహపు వగరు. పిల్లలు కక్కుకొనే అవకాశం ఉన్నది. భారతదేశం, టాంజానియాలలో 4,500 మంది పిల్లలపై జరిపి 2020లో ప్రచురించిన పరీక్షలో 5, 10 మిల్లీగ్రాముల మోతాదులు కూడా 20 మిల్లీగ్రాములంత బాగా పనిచేశాయని, వాంతులు తగ్గాయని తేలినది. వికారానికి మందు రూపాన్ని మార్చటం ఒక్కటే మార్గం కాదని, మోతాదు తగ్గించటం కూడా మార్గమేనని దీనివలన అర్థమవుతుంది. ఓఆర్ఎస్‌తో కలిపి ఇవ్వవలసిన మాత్రను విరేచనాలు తగ్గగానే మధ్యలో మానివేయటం తల్లిదండ్రులు తరచుగా చేసే పొరపాటు. వైద్యుడు చెప్పినన్ని రోజులూ వాడాలి.

2020లో కోవిడ్ వ్యాపించినప్పుడు భారతదేశంలో విటమిన్ సి, జింక్ మాత్రల వాడకం విపరీతంగా పెరిగినది. అమెరికాలోని క్లీవ్‌లాండ్ క్లినిక్ 214 మంది రోగులపై జరిపి 2021లో ప్రచురించిన పరీక్షలో అధిక మోతాదు జింక్ గ్లూకోనేట్ గాని, విటమిన్ సి గాని, రెండూ కలిపి గాని లక్షణాలు తగ్గే కాలాన్ని చెప్పుకోదగినంతగా తగ్గించలేదు. లోపం ఉన్నవారికి జింక్ మందు. లోపం లేనివారికి అది అదనపు భారమే.

అధిక మోతాదు

అమెరికాలో వయోజనులకు జింక్ గరిష్ఠ పరిమితి రోజుకు 40 మిల్లీగ్రాములు, ఐరోపాలో 25 మిల్లీగ్రాములు. ఈ పరిమితులలో ఆహారం నుండి వచ్చేది కూడా కలిసి ఉన్నది. వీటికి కారణం రాగి. జింక్ ఎక్కువైతే ప్రేగు కణాలు మెటలోథయొనిన్ అను ప్రొటీనును ఎక్కువగా తయారుచేస్తాయి. ఆ ప్రొటీను జింక్ కంటే రాగిని గట్టిగా పట్టుకొంటుంది. కణాలు కొద్ది రోజులలో రాలిపోయేటప్పుడు ఆ రాగి కూడా మలంతో పోతుంది. రోజుకు 50 మిల్లీగ్రాముల జింక్‌ను పది వారాలు తీసుకొన్న స్త్రీలలో రాగితో పనిచేసే ఎంజైము తగ్గినట్లు గమనించారు. అంతకంటే ఎక్కువ మోతాదును నెలల తరబడి వాడితే రక్తహీనత, తెల్లరక్తకణాల తగ్గుదల, నడకలో తూలు వంటి నాడీ లక్షణాలు కలుగుతాయి. రక్తహీనత ఇనుము వలన కాదు కనుక ఇనుము మాత్రలకు తగ్గదు. జింక్ మాత్రల సంగతి రోగి చెప్పకపోతే వైద్యునికి కారణం తట్టటం కష్టం. ఇదే గుణాన్ని, ఒంట్లో రాగి పేరుకుపోయే విల్సన్ వ్యాధిలో మందుగా ఉపయోగిస్తారు. అందులో వాడేది జింక్ ఎసిటేట్.

గ్లైసినేట్ కడుపుకు మెత్తనిది కావటం వలన ఎక్కువ మోతాదు తీసుకొన్నా ఇబ్బంది తెలియదు. సల్ఫేట్ అయితే వికారంతో ముందే హెచ్చరిస్తుంది. ఈ కోణం నుండి చూస్తే కీలేటును వాడేవారే మోతాదును మరింత జాగ్రత్తగా లెక్కపెట్టుకోవాలి.

టెట్రాసైక్లిన్, సిప్రోఫ్లాక్సాసిన్ వంటి యాంటిబయాటిక్‌లు జింక్‌తో కలిసి కీలేటుగా మారి ఒంటబట్టవు. గ్లైసిన్ కంటే ఈ మందులే జింక్‌ను బాగా పట్టుకొంటాయి. అటువంటి మందును జింక్‌కు కనీసం రెండు గంటల ముందు గాని, నాలుగు నుండి ఆరు గంటల తరువాత గాని వేసుకోవాలి. 25 మిల్లీగ్రాములు మించిన ఇనుము మాత్రను భోజనం లేకుండా జింక్‌తో కలిపి వేసుకొంటే జింక్ శోషణ తగ్గుతుంది. గర్భిణులకు ఇనుము మాత్రలు ఇచ్చే సందర్భంలో ఈ విషయం గుర్తుంచుకోవలసినది.

పశువుల దాణాలో

కోళ్ళ, పందుల దాణాలో ధాన్యం, సోయా పిండి ఎక్కువ కనుక ఫైటిక్ ఆమ్లం కూడా ఎక్కువ. లోపం రాకుండా జింక్ ఆక్సైడ్‌ను, సల్ఫేట్‌ను అధికంగా కలపటం చాలా కాలంగా వాడుక. ఒంటబట్టని జింక్ పేడ ద్వారా పొలాలలో చేరి నేలలో పేరుకుంటుంది. తల్లిపాలు మాన్పించిన పందిపిల్లలకు విరేచనాలు రాకుండా ఎక్కువ మోతాదులో జింక్ ఆక్సైడ్‌ను మందుగా కలపటాన్ని ఐరోపా సమాజం 2022 జూన్ నుండి ఆపివేసినది. తక్కువ జింక్‌తో అంతే ఫలితం రావాలన్న ఉద్దేశంతో అక్కడ గ్లైసినేట్‌కు, ఇతర అమినో ఆమ్ల కీలేట్లకు గిరాకీ ఏర్పడినది. గ్లైసినేట్‌తోపాటు మిథియోనిన్‌తో చేసిన జింక్ కీలేటు కూడా కోళ్ళ దాణాలో వాడుకలో ఉన్నది.